షోలాపూర్‌కు ఎన్ని ప్లగ్గులు

అక్క కరెంటు కారు కొన్న రోజున మా బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక వంగి చూసి, "పొగగొట్టం ఏదే?" అని అడిగాడు. లేదని చెబితే కాసేపు ఆలోచించి, "మరి ఇది నడుస్తున్నదని మనకెట్ల ఎరుక?" అన్నాడు. ముప్పై ఏళ్లు సూరత్ ఉధ్నాలో మరమగ్గాల మధ్య బతికిన మనిషికి చప్పుడు చేయని యంత్రం మీద నమ్మకం కుదరదు. ఆయన లెక్కలో చప్పుడు ఆగిందంటే ఎక్కడో ఏదో తెగినట్టు.

అక్క బ్యాంకులో ఆఫీసరు. అడాజన్‌లో ఫ్లాటు. ఇంటి నుంచి బ్యాంకుకు నాలుగు కిలోమీటర్లు. అంత దూరానికి అంత కారు కొనడమంటే పట్టుచీర కట్టుకుని అటక దులిపినట్టే. కానీ అక్క ముఖం మీద చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, నాకు తప్ప. నేను చెప్పాను. వారం రోజులు నాకు తాళాలు ఇవ్వలేదు.

ఆ కారు నాలుగు కిలోమీటర్లు దాటి బయటికి రావడానికి కారణం మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు. ఉండేది షోలాపూర్‌లో, చేసేది బీడీలు చుట్టే పని. రెండోసారి కరోనా విరుచుకుపడిన ఎండాకాలంలో చిన్నాయన పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. చిన్నాయనను మున్సిపాలిటీ వాళ్లే తీసుకెళ్లి చేయాల్సింది చేశారు. అదే వారం ఇక్కడ సూరత్‌లో అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉంది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో. అక్కాచెల్లెళ్లు వీడియో కాల్‌లో ఒకరినొకరు చూసుకున్నారు. ఏడ్చేందుకు ఒకరికి ఊపిరి లేదు, ఒకరికి సిగ్నల్ లేదు.

అమ్మ ఇంటికొచ్చి, నాలుగడుగులు వేసి, మళ్లీ వంటగదిలో మా తప్పులు పట్టే స్థాయికి కోలుకున్నాక మొదట అన్న మాట: "దానికి నిద్ర చెయ్యియ్యాలె."

మా వైపు ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లి, తమ ఇంట్లో ఒక నిద్ర చేయిస్తారు. అది అయ్యేదాకా ఆమె ఎవరి గడపా తొక్కదు. పక్కింటికి కూడా పోదు, పిలిచేవాళ్లు పిలవరు. ఇదంతా బేసి నెలలో జరగాలి. ఒకటో నెల అమ్మ ఆసుపత్రిలో ఉండగానే గడిచిపోయింది. మూడో నెల నిండేలోపు కుదరాలి, లేకపోతే ఐదో నెల. పుట్టింట్లో మిగిలింది అమ్మ ఒక్కతే కాబట్టి, షోలాపూర్ గల్లీలో చిన్నమ్మ గడప దాటాలంటే సూరత్ నుంచి అమ్మ వెళ్లాలి.

ఇదంతా నమ్ముతావా అని నేను చిన్నమ్మను ఫోన్‌లో అడిగాను. "నేను నమ్మకపోతె ఏమైతది బిడ్డా, గల్లీ నమ్ముతది గదా" అంది. పొద్దున్నే బీడీ కార్ఖానాకు మాత్రం పోయి ఆకు, పొగాకు తెచ్చుకుంటుంది, సాయంత్రం కట్టలు అప్పజెప్పి వస్తుంది. ఆ రెండింటి మధ్య అరుగు మీద కూర్చుని ఒక్కతే చుడుతుంది. అంతకుముందు ఆరుగురు ఆడవాళ్లు ఎదురింటి వసారాలో కలిసి చుట్టేవాళ్లు. ఇప్పుడు ఐదుగురు అక్కడ, ఒకరు ఇక్కడ. మధ్యలో దారి ఎనిమిది అడుగులు.

రైలు వద్దని డాక్టరు చెప్పాడు, జనంలో కూర్చోవద్దని. టాక్సీ మాట్లాడదామని బాపు ఒక డ్రైవర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. అతను రేటు చెప్పే ముందు ఒక్కసారి దగ్గాడు. అమ్మ చెయ్యి చాపి ఫోన్ కట్ చేసింది. ఆ మనిషికి బహుశా పొలమారి ఉంటుంది. విచారణ లేదు, అప్పీలు లేదు.

"అక్క కారుంది కదా" అన్నాను నేను.

ఇంట్లో నిశ్శబ్దం. బాపు లెక్క ప్రకారం ఎక్కడో ఏదో తెగింది.

"నడిపేదెవరు?" అని అమ్మ.

"నేను."

"నువ్వా? నువ్వు స్కూటీ మీద పాలపాకెట్ తెస్తె సగం దారిల కారుతది."

"పాకెట్ కారితే నా తప్పా?"

అక్కకు సెలవు దొరకదు. బాపుకు డ్రైవింగ్ రాదు. నాకు లైసెన్సు ఉంది, డిగ్రీ చివరి పరీక్షలు ఆన్‌లైన్‌లో అయిపోయాయి, చెయ్యడానికి వేరే పని లేదు. దేశంలో ఎన్నో పదవులు ఇలాగే భర్తీ అవుతాయి. అక్క తాళాలు ఇస్తూ షరతులు చదివింది: సీట్ల మీద తినొద్దు, వెనక అద్దానికి నిమ్మకాయలు కట్టొద్దు, బ్యాటరీ ఇరవై శాతం కిందికి రానివ్వొద్దు. "దీదీ, ఇరవై కిందికొస్తే ఏమవుతుంది?" అని అడిగితే, "నాకు బీపీ వస్తుంది" అంది.

ఆ రోజు నుంచి నాకొక కొత్త జబ్బు పట్టుకుంది. ఎక్కడికి పోయినా గోడల వంక చూడటం. మామూలు మనుషులకు గోడ మీద క్యాలెండరో, గడియారమో కనబడుతుంది. నాకు ప్లగ్గు కనబడేది. ప్లగ్గుల్లో సన్న రంధ్రాలవి ఫోన్లకు, మిక్సీలకు. లావు రంధ్రాలవి ఏసీలకు, గీజర్లకు, మా కారుకు. మంగలి షాపులో లావు ప్లగ్గు ఉంది, మా కాలేజీ ప్రిన్సిపాల్ గదిలో లేదు. పిండిగిర్నీల్లో తప్పకుండా ఉంటుంది. లావు ప్లగ్గుకు పెడితే కారు నిండడానికి పొద్దున నుంచి పొద్దుపోయేదాకా పడుతుంది. హైవే మీద పెద్ద ఛార్జర్ దొరికితే గంటంబావు. అలాంటి పెద్దవి అప్పట్లో ఎన్ని ఉన్నాయో యాప్‌లో చూస్తే, సూరత్ నుంచి షోలాపూర్‌దాకా మ్యాప్ మీద నాలుగు పచ్చ చుక్కలు కనిపించాయి. వాటిలో ఒకటి నొక్కితే "త్వరలో" అని వచ్చింది. ఇంకొకటి సముద్రంలో ఉంది.

మిగిలిన వాటికి ఫోన్ చేశాను. హైవే హోటల్ వాడొకడు, "ఛార్జర్ హై మేడమ్, బిల్‌కుల్ హై" అన్నాడు. పనిచేస్తుందా అని అడిగితే, "వో తో లగానే కే బాద్ పతా చలేగా" అన్నాడు. పెట్టాకే తెలుస్తుందట. నాకు అతని నిజాయితీ నచ్చింది. ఆ చుక్క ఉంచుకున్నాను.

కారు నిండుగా ఉంటే రెండు వందల కిలోమీటర్లు పోతుందని అద్దం కింద అంకె చెబుతుంది. ఆ అంకె పెళ్లికొచ్చే బంధువుల మాటలాంటిది, బయలుదేరేటప్పుడు ఒకటి, దారిలో ఇంకొకటి. నిజం తేల్చడానికి ఒక ఆదివారం బార్డోలీదాకా పోయి వచ్చాం. బరువు సరిగ్గా ఉండాలి కదా, వచ్చేటప్పుడు చిన్నమ్మ కూడా ఉంటుంది. అందుకని బాపు కార్ఖానా నుంచి నూలు డబ్బాలు తెచ్చి, వెనక సీట్లో చిన్నమ్మ కూర్చునే చోట పేర్చి, సీటుబెల్టు పెట్టాడు.

"ఎంత పెట్టినవయ్యా?" అని అమ్మ.

"అరవై కిలోలు."

అమ్మ డబ్బాల వంక చూసింది. "ఇప్పుడంత ఉండది" అంది. బాపు ఒక డబ్బా తీసేశాడు.

చెరుకు తోటల మధ్య నుంచి పోతుంటే అమ్మ అడుగడుగునా ఆ అంకె చదివి వినిపించింది. ఏసీ వేస్తే నాలుగు తగ్గాయని ఏసీ బంద్. అద్దాలు దించితే గాలి కారును వెనక్కి లాగుతుందని నేనంటే అద్దాలు బంద్. రేడియో కూడా బంద్. నలుగురం, డబ్బాలతో కలిపి, మాస్కులు పెట్టుకుని ఉడికిపోతూ బార్డోలీ చేరాం. చెరుకు రసం తాగుదామంటే, "అది కూడా బరువే గదా" అని బాపు అన్నాడు. ఆయన జోక్ వేశాడో లేదో ఇప్పటికీ తెలియదు. మొత్తం మీద తేలింది ఏమంటే, ఉడికిపోయే మనుషులతో కారు నూట తొంభై పోతుంది, సుఖపడే మనుషులతో నూట డెబ్భై.

ఇక ప్లాన్ బాపు చేతిలోకి పోయింది. ఆయన కార్ఖానాలో మాస్టర్, అంటే మగ్గాలు ఆగకుండా చూసే మనిషి. నేను యాప్ తెరిస్తే ఆయన గోడకు మ్యాప్ కొట్టి, దాని మీద పాలిస్టర్ దారం పరిచాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ముడి వేశాడు. నేను అంటాను, బ్యాటరీ పది శాతానికి వచ్చేదాకా పోవచ్చు, యాప్ అలాగే చెబుతోంది. ఆయన ఒప్పుకోడు.

"మగ్గం నాడెల దారం చుట్టిన కండె ఉంటది గదా బిడ్డా. దారం మొత్తం అయిపోయేదాక మగ్గం నడిపిస్తె ఏమైతది?"

"బట్టలో గీత పడుతుంది."

"మంచి మగ్గపోడు కండెల నాలుగు చుట్లు ఉండంగనే మారుస్తడు. గా మిగిలిన నాలుగు చుట్లకు ఏడ్వడు. పావు వంతు ఉండంగనే ఆగుడు. అంతే."

బాపు మొదటి ముడి వేసిన చోట నేను మ్యాప్‌లో చుక్క వెతికాను. లేదు. ఆయన నవ్వి, "నీ చుక్కలెందుకే? మగ్గమున్న కాడ మనోళ్లుంటరు. మనోళ్లున్న కాడ కరెంటుంటది" అన్నాడు. అది నిజంగా గొప్ప ఆలోచన. నేను ఒప్పుకోలేదు కానీ గొప్పదే. భివండీ నిండా మరమగ్గాలే, అక్కడ మా మామ ఒకాయన ఉన్నాడు, బాపుకు చెల్లెలు వరుసయ్యే ఆమె భర్త. సొంత కార్ఖానా, గోడ నిండా లావు ప్లగ్గులు. భివండీలో ఒక ముడి. పుణెలో పెద్ద ఛార్జర్ చుక్క ఒకటి నిజమని తేలింది, అక్కడొక ముడి. పుణె నుంచి షోలాపూర్ ఒక్క ఊపులో అందదు కాబట్టి మధ్యలో ఇందాపూర్ దగ్గర ఒక ధాబా. ఆ ధాబా వాడికి చెరుకు రసం మిషన్ ఉంది. మిషన్‌కు లావు ప్లగ్గు. "రస్ కా సీజన్ నహీ హై, ప్లగ్ ఖాలీ హై" అన్నాడు, రసం కాలం కాదు కాబట్టి ప్లగ్గు ఖాళీయేనని.

రోజులు కూడా బాపే వేశాడు. శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి భివండీ. రాత్రంతా కారు కరెంటు తాగుతుంది, మనం నిద్రపోతాం. శనివారం సాయంత్రానికి షోలాపూర్. ఆదివారం చిన్నమ్మతో తిరుగు ప్రయాణం, రాత్రికి పుణెలో లాడ్జి.

"లాడ్జిలో పడుకుంటే అది నిద్ర కిందికి రాదా?" అని నాకు అనుమానం వచ్చింది.

అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "లాడ్జి ఎవ్వరి ఇల్లూ గాదు. అది లెక్కకు రాదు."

సుప్రీంకోర్టులో కూడా అంత త్వరగా తీర్పు రాదు. సోమవారం సాయంత్రం సూరత్ చేరి, ఆ రాత్రి మా ఇంట్లో నిద్ర. మూడో నెల సరిగ్గా ఆ సోమవారంతో నిండుతుంది. అంటే చేతిలో ఒక్క రోజు కూడా మిగలదు. పావు వంతు మిగల్చాలని నాకు పాఠం చెప్పిన మనిషి రోజుల దగ్గర చివరి పోగుదాకా లాగాడు. ఆ మాట అంటే, "రోజులకు ప్లగ్గు లేదు గదా" అన్నాడు.

శుక్రవారమే ఎందుకు? ఎందుకంటే భివండీలో మామ కార్ఖానాకు శుక్రవారం సెలవు. మగ్గాల వాళ్ల ఇంటికి పని రోజున చుట్టంగా పోవడం మా దగ్గర మర్యాద కాదు. పోయినవాళ్లతో మాట్లాడాలంటే అతను మగ్గాలు ఆపాలి, ఆపితే నష్టం, ఆపకపోతే చుట్టానికి కోపం. అందుకని సెలవు చూసుకునే పోతాం. పెళ్లిచూపులు, పరామర్శలు, అన్నీ సెలవు రోజునే. ఇది మాకు ఎవరూ నేర్పరు, అన్నం ఏ చేత్తో తినాలో తెలిసినట్టు తెలుస్తుంది.

శుక్రవారం బయలుదేరాం. రాష్ట్రం సరిహద్దులో కరోనా రిపోర్టులు చూపించమన్నారు. పోలీసు వాటిని చూడకుండానే తిరిగిచ్చి, "ఇంజన్ బంద్ కర్కే ఫిర్ చాలూ కరో" అన్నాడు, ఆపి మళ్లీ మొదలుపెట్టమని. చేశాను. చెవి పెట్టి విన్నాడు. ఇంకోసారి అన్నాడు. మళ్లీ చేశాను. పక్కనున్న అతన్ని కూడా పిలిచాడు. మా వెనక లారీలు హారన్లు కొడుతుంటే ఇద్దరు పోలీసులు ఏమీ వినిపించని శబ్దాన్ని శ్రద్ధగా విన్నారు. సరిహద్దు దాటాక ఆగిన హైవే హోటల్ ఛార్జర్ పనిచేసింది. హోటల్ వాడు మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

భివండీ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. దారిలో వాన, ట్రాఫిక్, అమ్మ కోసం కాసేపు ఏసీ. బ్యాటరీలో మిగిలింది పదహారు శాతం. అక్కకు చెప్పలేదు, ఆమె బీపీ దృష్టిలో పెట్టుకుని.

మామ గల్లీ చివరదాకా ఎదురొచ్చాడు. అత్త కోడికూర వండింది. చిన్నాయన గురించి తలుచుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు, మా మాస్కులు ముక్కు మీదికి జరుపుకున్నాం. అప్పుడు నేను కారు డిక్కీలోంచి పెద్ద వైరు తీసి, "మామా, ప్లగ్గు చూపించు" అన్నాను.

కార్ఖానా తలుపు తీశాడు. ముందు బాపు లోపలికి నడిచాడు. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. అది సహజమే, సెలవు కదా. గోడ మీద ప్లగ్గులు, ఒకటి కాదు, నాలుగు, లావువి. నేను వైరు గుచ్చి, స్విచ్చి వేశాను. కారు మీద పచ్చ లైటు వెలగలేదు. ఇంకో ప్లగ్గు. లేదు. మూడోది.

మామ తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని వింతగా చూశాడు. "బావా, ఇయ్యాల లైను బంద్ గదా."

"బంద్ ఎందుకే బావా?" అని బాపు.

"ఎందుకేంది? ఇయ్యాల కరెంటు కోత. అందుకేనాయె సెలవు!"

మా బాపు అక్కడున్న, మగ్గానికి నూలు చుట్టే బీము మీద మెల్లగా కూర్చున్నాడు. వారానికో రోజు కార్ఖానాలకు కరెంటు ఆపుతారు కాబట్టి ఆ రోజు సెలవు. ముప్పై ఏళ్లుగా సెలవు అనుభవించీ అనుభవించీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన మరిచిపోయాడు. కరెంటు కోసం బయలుదేరిన మేము, దేశంలో కరెంటు ఉండదని రాసిపెట్టి ఉన్న ఒకే ఒక్క రోజును ఏరికోరి, మర్యాదగా, ముహూర్తంలా ఎంచుకున్నాం.

"చప్పుడు లేనప్పుడే అనుకోవాల్సింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను కూడా పెద్దగా నవ్వలేదు.

పైన మామ ఇంట్లోకి కరెంటు ఉంది కానీ అది ఫ్యానుకు, టీవీకి సరిపోయే సన్న లైను. కిటికీలో నుంచి వైరు దించి పెట్టాం. పది నిమిషాలకు వైరు వేడెక్కి వాసన వచ్చింది. బాపు పరుగెత్తి పీకేశాడు. థానేలో ఒక మాల్‌లో పెద్ద ఛార్జర్ ఉందని యాప్ చూపించింది. ఫోన్ చేస్తే వాచ్‌మన్ ఎత్తి, కరోనాకు మాల్ మూసే ఉందని, ఛార్జర్ లోపల క్షేమంగా ఉందని చెప్పాడు.

శనివారం పొద్దున షిఫ్టుతో పాటు కరెంటు వచ్చింది. నలభై మగ్గాలు ఒక్కసారి మొదలయ్యాయి, వాటి పక్కన మా కారు ఒక్కటే చప్పుడు లేకుండా తాగుతూ కూర్చుంది. అది నిండేసరికి చీకటి పడింది. ఆదివారం తెల్లవారి బయలుదేరి, ఘాట్ ఎక్కి, పుణె చుక్కలో ఆగి, ఇందాపూర్ ధాబాలో నాలుగు గంటలు ఆగి, షోలాపూర్ చేరేసరికి ఆదివారం సాయంత్రం అయింది. మేం చిన్నమ్మను తీసుకుని సూరత్‌లో ఉండాల్సింది మరుసటి రోజు రాత్రికి. మా కారుకు తిరుగు ప్రయాణం రెండు రోజులు.

చిన్నమ్మ అరుగు మీదే ఉంది, ఒళ్లో బీడీల చేటతో. అమ్మ కారు దిగింది. చిన్నమ్మే, "బక్కగైనవే అక్కా" అంది. అమ్మ, "నువ్వు చెప్పినవ్ తియ్యి" అంది. నాకు నూలు డబ్బాలు గుర్తొచ్చాయి. ఇంకో డబ్బా తీయాల్సింది.

మేం లోపల కూర్చుని రోజులు మళ్లీ లెక్కపెట్టాం. ఎలా చూసినా మంగళవారం రాత్రికి గానీ సూరత్ రాదు. మంగళవారం నుంచి నాలుగో నెల.

"ఐదో నెలల వస్త తియ్యి అక్కా" అంది చిన్నమ్మ. "ఇన్నొద్దులున్న, ఇంక రెండు నెలలుండలేనా?"

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఆకు కత్తిరిస్తున్నాయి. ఎదురింటి వసారాలో ఐదుగురు ఆడవాళ్లు మా కారును, మమ్మల్ని మార్చి మార్చి చూస్తున్నారు. ఒక్కరు కూడా అరుగు దిగలేదు.

"బట్టలు సదురుకో" అంది అమ్మ.

"దినాలు తప్పుతున్నయి గదనే?"

"సదురుకోమన్న గదా. దారి నేను చూస్త."

ఏ దారో ఆమెకు కూడా తెలియదని నాకు తెలుసు. బాపుకు తెలుసు. నేను ఏదో ఒక జోక్ కోసం వెతికాను, దొరకలేదు. పోయి ఎదురు వీధిలోని పిండిగిర్నీకి వైరు గుచ్చి వచ్చాను.

సోమవారం పొద్దున బయలుదేరాం. చిన్నమ్మ ఒక సంచీ, ఒక చేట తెచ్చుకుంది. ఇంకా చుట్టాల్సిన ఆకు మిగిలిపోయిందట, పాడవుతుందట. అక్క షరతుల్లో సీట్ల మీద తినొద్దని ఉంది గానీ బీడీలు చుట్టొద్దని లేదు. వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుని చుడుతూనే ఉంది. పొగాకు వాసనకు అద్దాలు దించాం. కారు పోగలిగే దూరం పడిపోయింది. ఈసారి ఎవరూ అంకె చదవలేదు.

ఇందాపూర్ ధాబా చేరేసరికి పదకొండు. రసం మిషన్ ప్లగ్గు ఖాళీగానే ఉంది. రేకుల షెడ్డు కింద కారు పెట్టి వైరు తగిలించాను. నాలుగు గంటలకు తక్కువ కాదు. ధాబా వెనకే వాళ్ల ఇల్లు. ధాబా అతని భార్య వచ్చి కారులోకి తొంగి చూసి, "యా నా తాయీ, ఆత్ యా" అని చిన్నమ్మను లోపలికి పిలిచింది. చిన్నమ్మ మరాఠీలో ఏదో సర్ది చెప్పి పంపేసింది. కారు దిగలేదు. మేం బయట బల్ల మీద కూర్చుని రొట్టె తిన్నాం, ఆమెకు కారులోకే తెచ్చిచ్చాం. మబ్బు పట్టి ఉంది. నాలుగు తలుపులూ తెరిచి పెడితే గాలి బాగానే ఆడుతోంది.

కాసేపటికి చూస్తే చిన్నమ్మ వేళ్లు ఆగాయి. చేట ఒళ్లో పక్కకు వాలింది. తల సీటు మీద, నోరు కొంచెం తెరిచి. ఊళ్లో అరుగు మీద మూడు నెలలు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్న మనిషి మా అక్క కారులో గుర్రు పెడుతోంది.

నేను లేపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏ, ఆగు."

అమ్మ కారును చూసింది, చెల్లెల్ని చూసింది, మళ్లీ కారును చూసింది. ఆమె ముఖంలో బాపు మ్యాప్ ముందు నిలబడినప్పటి చూపు కనిపించింది.

"ఈ కారెవరిది?" అని నన్నడిగింది.

"అక్కది."

"అక్క ఎవరు?"

"అదేం ప్రశ్న?"

"చెప్పు."

"నీ బిడ్డ."

"నా బిడ్డదంటె నాదే. నాదంటె దాని పుట్టింటిదే. నిద్ర అయితున్నది, సప్పుడు చెయ్యకున్రి."

బాపు బల్ల మీద నుంచి మెల్లగా లేచాడు. "ఏమే, పగటి నిద్ర చెల్లుతదా?"

"ముప్పై ఏండ్లు రాత్రి పాళీ చేసి ఇంటికొచ్చి పగలు పండుకున్నవ్ గదా. అది నిద్ర గాదా? నేను మాపటిదాక పిల్లలను సప్పుడు చెయ్యకుండ ఆపిన. ఉత్తగనే ఆపిన్నా?"

బాపు మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. "లాడ్జికి చెల్లనిది కారుకు ఎట్లా చెల్లుతుంది?" అని అందామనుకున్నాను. కానీ ఇన్ని రోజుల్లో మొదటిసారి నా నోరు నా మాట విన్నది. అసలు సంగతేమిటంటే, నాకు తెలుసుకోవాలనే ఉంది. శాస్త్రం ఒప్పుకుంటుందా, గల్లీ ఒప్పుకుంటుందా, ఎదురింటి ఐదుగురు ఒప్పుకుంటారా. మధ్యాహ్నం పూట ఇందాపూర్ ధాబాలో ప్లగ్గుకు కట్టేసిన కారు పుట్టిల్లు అవుతుందా. తీర్పు చెప్పే పెద్దలెవరూ దగ్గర్లో లేరు. ఉన్న పెద్ద మా అమ్మే.

రెండు గంటలు మేం ముగ్గురం గుసగుసల్లో మాట్లాడుకున్నాం. లారీ ఒకటి హారన్ కొడితే అమ్మ రోడ్డు మీదికి పోయి డ్రైవర్‌ను తిట్టింది. ధాబా అతను గిన్నెలు కడగడం ఆపేశాడు. ఏం జరుగుతోందో అతనికి తెలియదు, అమ్మ ముఖం చూసి ఆపేశాడు.

చిన్నమ్మ లేచి, చేట సర్దుకుని, "అయ్యో, కన్ను పడ్డది. సూరతచ్చిందా?" అంది.

"రాలే. నిద్రైతె అయింది" అంది అమ్మ. తన సంచీలోంచి కొత్త చీర తీసి చెల్లెలి ఒళ్లో పెట్టింది, సూరత్‌లో నిద్ర అయ్యాక ఇవ్వాల్సిన చీర. చెప్పాల్సినదంతా చెప్పింది, కారు గురించి, రాత్రి పాళీ గురించి. చిన్నమ్మ మొత్తం విని, అమ్మను, కారు పైకప్పును చూసింది. "నీకు పిచ్చి లేసింది అక్కా" అంది. గొంతు మాత్రం అలా లేదు.

అప్పుడే ధాబా అతని భార్య మళ్లీ వచ్చింది, టీ అయిందని చెప్పడానికి. "ఆత్ యా నా" అంది మళ్లీ, ఈసారి అంత ఆశ లేకుండానే.

చిన్నమ్మ అమ్మ వంక చూసింది. అమ్మ కొత్త చీర మడత సరిచేస్తూ కూర్చుంది. చిన్నమ్మ కారు దిగింది. కాళ్లు తిమ్మిరెక్కాయేమో, తలుపు పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తర్వాత ఆవిడ వెనకే నడిచి, గుమ్మం బయట చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, గడప దాటి లోపలికి పోయింది.

"ఎంతెక్కింది?" అని బాపు అడిగాడు.

"డెబ్భై ఆరు. సరిపోతుంది. పోదామా?"

"ఆగు" అంది అమ్మ.

లోపలి నుంచి చిన్నమ్మ గొంతు వినిపిస్తోంది, మరాఠీలో, గట్టిగా. టీలో అల్లం ఇంత తక్కువేస్తారా అని అడుగుతోంది.